కత్తిరించిన మాట

“ఏ మాటకు కోపమొచ్చిందో అదన్నా చెప్పండక్కా. తెలిస్తే ఆ మాటకు కాళ్ళు పట్టుకుంటా. తెలీకుండా దేనికని పట్టుకునేది?”

హనుమప్ప సోఫా అంచున, దాని బట్ట ఎక్కడ మాస్తుందో అన్నంత జాగ్రత్తగా కూర్చొని ఉన్నాడు. అరుంధతి అతని ముందుంచిన సంగటి ముద్ద మీద నెయ్యి ఏసీ చలికి గడ్డకట్టింది. కదిరి వైపు నుంచి వచ్చి, దోహాలోని మెసైమీర్ పేటలో ఒక ఖతరీ కుటుంబానికి కారు నడిపే ఈ మనిషి, శుక్రవారం మధ్యాహ్నం యజమానులను నమాజు నుంచి ఇంటికి చేర్చాక, అల్ మన్సూరాలోని ఈ ఫ్లాట్‌కు వచ్చి తన ఊరి వైపు ఆడపడుచు చేతి ముద్ద తిని వెళ్ళేవాడు. ఈ శుక్రవారం వచ్చాడు గాని, ముద్ద ముట్టలేదు.

“మళ్ళీ మొదటినుంచీ చెప్పు,” అన్నాడు సత్యనారాయణమూర్తి.

అరుంధతి భర్త దుఖాన్‌లో చమురు కంపెనీ ఇంజనీరు. వారమంతా అక్కడే ఉండి, గురువారం సాయంత్రం ఇల్లు చేరుకుంటాడు. నిన్న రాత్రి హనుమప్ప ఫోన్ వచ్చినప్పటి నుంచి ఆయన కూర్చున్నది లేదు.

“ఏముంది సార్ చెప్పేదానికి. నిన్న సాయంత్రం మా యజమాని కొడుకు పెద్దబాబును ఎక్కించుకొని పోతాంటి. ఆయప్ప గూడా ఇట్లాంటి పాటలే వింటాడు. సరే, మన పాప చేసిన పాట పెడదామని పెడితి. ఈ గొంతు నాదే అని చెప్తి గూడా. మొదుట్లో తల ఊపినాడు. నా మాట వచ్చేతలికి ఆపమన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ ఆపమన్నాడు. ఇల్లు వచ్చేదాకా నోరు తెరవల్యా.”

“దిగేటప్పుడు?”

“రేపు సందేళ మగ్రిబ్ నమాజ్ అయినాంక మజ్లిస్ గదికి రా, ఇది చేసినోళ్ళను పిలుచుకొని రా, ల్యాకపోతే పోలీస్ స్టేషన్‌లో మాట్లాడదాం అనె.”

తన గది గుమ్మానికి ఆనుకొని నిలబడిన కూతురు అమ్ము కళ్ళు దించుకుంది. పాట చేసింది ఆమె. పంతొమ్మిదేళ్ళ పిల్ల, దోహాలోనే పుట్టి, ఇక్కడే డిజైన్ చదువుతోంది. కిందటి నెలలో ఒక శుక్రవారం హనుమప్ప ఇదే సోఫాలో కూర్చొని, ఊళ్ళో తాను ఆడిన చెక్కభజన దరువు రెండు గరిటెలతో వాయించి చూపిస్తూ, మాటల్లో మాటగా తన యజమాని మంచితనం చెప్పుకొచ్చాడు. అదంతా ఆమె ఫోన్‌లో పట్టుకుంది. ఆ దరువు మీద తన ర్యాప్ పెట్టింది. ఆ మాటల్లోంచి ఒక్క ముక్క కత్తిరించి, పల్లవిలాగా తిప్పి తిప్పి వాడుకుంది. డ్రైవర్ల గ్రూపుల్లో అది వారం రోజులుగా కారు కారుకూ పాకుతోంది.

“నేను పొగిడితి గదా సార్,” అన్నాడు హనుమప్ప. “పొగిడినోన్ని పోలీసులకు ఏమిటికి పట్టిస్తారు?”

మూర్తి భార్యనూ కూతురినీ కనుసైగతో పడకగదిలోకి పిలిచి, తలుపు వేశాడు.

“నేను మొదటే అన్నాను,” ఆయన గొంతు తగ్గించాడు. “ర్యాప్ అంటేనే ఒకళ్ళనొకళ్ళు తిట్టుకోవడం. తిట్లపాటలో ఆ అబ్బాయి పొగడ్త వెతుక్కుంటాడా?”

“నేనెవర్నీ తిట్టలేదు నాన్నా. డిస్ వేరు, షౌటౌట్ వేరు.”

“తెలుగులో ఏడువు.”

“డిస్ అంటే పేరుపెట్టి తిట్టడం. షౌటౌట్ అంటే పేరుపెట్టి పలకరించడం.”

“రెండింటిలోనూ పేరే పెడతారన్నమాట. బావుంది. ఏది ఏదో వినేవాడికి ఎలా తెలుస్తుంది?”

అమ్ము నోరు తెరవబోతే ఆయన వేలెత్తి ఆపాడు.

“‘మెసైమీర్ హనుమప్ప మామ, ముందుగ నీకే సలాము, నీ చెక్కల దరువే లేకుంటే నా నోట్లో లేదు కలాము.’” పాటలోని చరణాన్ని మూర్తి నేరపత్రం చదివినట్లు చదివాడు. “పేరు ఉంది, పేట ఉంది. ఇంటి నంబరొక్కటే తక్కువ. ఎందుకు పెట్టావు పేరు? ఎవరడిగారు నిన్ను?”

“అదే దాని మొదలు నాన్నా. అసలు ర్యాప్ మొదలైందే అలా.” ఆమె మంచం అంచున కూర్చుంది. భయంలో ఆమె మాట వేగం హెచ్చుతుంది. “న్యూయార్క్‌లో బ్రాంక్స్ అనే పేట. ఇళ్ళు తగలబడిపోతుంటే పట్టించుకున్నవాళ్ళు లేరు. అక్కడ జమైకా నుంచి వచ్చిన కుటుంబం వాళ్ళు అపార్ట్‌మెంట్ కింద హాల్లో పార్టీ పెట్టారు. వాళ్ళబ్బాయి రికార్డులు వేసేవాడు. పాట మధ్యలో గొంతులన్నీ ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే చోటొకటి ఉంటుంది కదా, జనం లేచి ఆడేది అక్కడే. అది కాసేపట్లో అయిపోతుంది. అందుకని అతను ఒకే రికార్డు రెండు కాపీలు పక్కపక్కన పెట్టి, ఇది అయ్యేలోపు అదీ, అది అయ్యేలోపు ఇదీ తిప్పాడు. ఆ ముక్క ఇంక అయిపోదు.”

“ఇందులో పేరెక్కడుంది?” అని అడిగింది అరుంధతి. తాను లైబ్రేరియన్‌గా పనిచేసే స్కూల్లో పిల్లలు తప్పు పుస్తకం పట్టుకొచ్చినప్పుడు అడిగే గొంతు అది; కోపం ఉండదు, తప్పించుకోవడానికి సందూ ఉండదు.

“మైకు పట్టుకున్నవాడి పని అదేనమ్మా. హాల్లోకి ఎవరొస్తే వాళ్ళ పేరు పిలవడం, ఏ వీధి వాళ్ళో చెప్పడం. బయట వాళ్ళ పేర్లు ఎవరికీ అక్కర్లేదు. హాల్లో మాత్రం ఆ పేర్లు మైకులో వినిపించేవి. తర్వాతే ఆ పిలుపులు ప్రాసలయ్యాయి. ప్రాసల్లోంచి కథలొచ్చాయి, వీధుల్లో జరిగేవన్నీ వచ్చాయి, పోటీలొచ్చాయి, తిట్లూ వచ్చాయి. మొదట మాత్రం పేర్లే. అందుకే నేను మామ పేరుతో మొదలుపెట్టాను.”

“ఆ ముక్క కత్తిరించడం?” అంది తల్లి.

“అదీ వాళ్ళ దగ్గర్నుంచే. రికార్డులు తిప్పే చోట మిషన్లు వచ్చాయి. ఎవరి పాటలోదైనా చిన్న ముక్క తీసి, దాని మీద కొత్త పాట కట్టేవాళ్ళు. తర్వాత కోర్టులకు కూడా వెళ్ళారనుకో. అడక్కుండా తీసుకోవడం దొంగతనమేనని జడ్జి…”

“అదీ,” అన్నాడు మూర్తి. “జడ్జే అన్నాడు.”

“నేను అడిగాను నాన్నా. రికార్డ్ చేసుకుంటున్నా మామా అని చెప్పే చేశాను.”

“కోస్తానని చెప్పావా?” అంది అరుంధతి.

అమ్ము దుప్పటి అంచు వేలికి చుట్టుకొంది. గోడ అవతల హనుమప్ప దగ్గు వినిపించింది.

“ఆయన మొత్తం ఏమన్నాడు? గుర్తు తెచ్చుకొని చెప్పు,” అంది తల్లి.

“‘మా కఫీల్‌ది కల్బ్ కబీర్. మా యమ్మ పోయినప్పుడు నేను నోరు తెరవకముందే నన్ను ఊరికి పంపించె.’ ఇంకా చాలా చెప్పాడు. మా యజమానిది పెద్ద మనసు అని కదా అర్థం? నేను ‘మా’, ‘ది’ తీసేశాను. దరువులో పట్టలేదమ్మా. కఫీల్, కల్బ్, కబీర్. మూడు దెబ్బలకు మూడు మాటలు.”

“వృత్త్యనుప్రాస,” అన్నాడు మూర్తి అప్రయత్నంగా. అని, తన నోరు తనకే ద్రోహం చేసినట్లు ముఖం ముడుచుకొన్నాడు.

ఆయన ఫోన్ తీసి గయాజ్ నంబరు నొక్కాడు. గయాజ్ కంపెనీ తరఫున ప్రభుత్వ కార్యాలయాల పనులు చూసే హైదరాబాద్ మనిషి. అరబ్బీలో ఉత్తరం రాయగలడు, పేచీ పెట్టగలడు, పేచీ తెంచగలడు. మూర్తి సంగతి మూడు వాక్యాల్లో చెప్పి, స్పీకర్ పెట్టాడు.

“సార్, ఆ ముక్క ఏందో జర మల్లొక్కసారి అనుండ్రి.”

“కఫీల్, కల్బ్, కబీర్.”

అవతల ఒక తలుపు మూసుకొన్న చప్పుడైంది.

“సార్, మెల్లగ. కిటికీ మూసి ఉన్నదా?”

“ఏమయింది గయాజ్?”

“ఆ డ్రైవర్ ఏమనుకొని అన్నడు?”

“గుండె పెద్దదని. మీ ఉర్దూలోనూ అదే మాట కదా?”

“గుండెను మా హైదరాబాదోళ్ళం ఖల్బ్ అంటం. ఇక్కడోళ్ళు గల్బ్ అంటరు. పుస్తకంల రాసేది గొంతు అడుగుకెల్లి వచ్చే ఇంకో అక్షరం. మీరు అన్న ఈ ‘క’ తోని కల్బ్ అంటే కుక్క, సార్. కఫీల్ పెద్ద కుక్క. పాట పాడి మరీ చెప్పిండ్రు.”

అరుంధతి మంచం మీద కూలబడింది. ఇన్ని అక్షరాలున్న తన వర్ణమాలలో ఆ ఒక్క అక్షరానికి చోటు లేకపోయింది. తాను కూడా ఆ మాటను అలాగే పలికేది, అలాగే రాసేది.

“అంకుల్,” అమ్ము ఫోన్ దగ్గరకు వంగింది. “అమెరికా ర్యాప్‌లో డాగ్ అంటే ఫ్రెండ్ అని కూడా అర్థం ఉంది. ఆయన కొడుకు ర్యాప్ వింటాడు కాబట్టి…”

“బేటా, నీకు దండం పెడ్త. ఆ మాట మజ్లిస్‌ల అనకు.”

మామూలు రోజైతే ముగ్గురూ నవ్వేవారు.

“చూడుండ్రి సార్,” గయాజ్ గొంతు గంభీరమైంది. “ఇది పోలీస్ స్టేషన్‌కు పోతే మంచిగుండదు. నెట్‌ల ఎవరినన్న తిడితే ఇక్కడ కేసే. కానీ ఒక సులువున్నది. అసలు రికార్డింగ్ ఉన్నది గద? ‘మా కఫీల్‌ది’ అన్నడు, తల్లి చచ్చిపోతే పంపిచ్చిండన్నడు. అది ఇనిపిస్తే కుక్క అన్నడని చిన్నపిల్లగాడు కూడ అనుకోడు. అది ఇనిపియ్యుండ్రి. కిస్సా ఖతం.”

మూర్తి ఫోన్‌ను మరో చేతికి మార్చుకొన్నాడు.

నిన్న రాత్రి హనుమప్ప ఫోన్ చేసి విషయం చెప్పిన వెంటనే, మూర్తి కూతురి కుర్చీ వెనక నిలబడి పాటను తీయించాడు. పాటతో ఆగలేదు. ఫోన్‌లోవి, లాప్‌టాప్‌లోవి, చెరిపినవి దాగుండే బుట్టలోవి కూడా, హనుమప్ప గొంతు ఉన్న ప్రతి ముక్కనూ తన కళ్ళ ముందు తుడిచేయించాడు. “జాడ మిగలకూడదు” అన్నాడు. అమ్ము ఏడుస్తూనే ఒక్కొక్కటే నొక్కింది. అరుంధతి గుమ్మంలో నిలబడి చూసింది, వద్దనలేదు.

“లేదు,” అన్నాడు మూర్తి.

“లేదంటే?”

“తీసేయించాను.”

“అరే సార్.” గయాజ్ నిట్టూర్చాడు. “అట్లయితే తమ్మునిలెక్క చెప్తున్న, మీరు పోకుండ్రి. పిల్లను అసలే తోలకుండ్రి. ఆ డ్రైవర్‌ను ఊరికి తోలేస్తరు, ఆళ్ళ కోపం చల్లారుతది. పిల్ల పేరు కేసుల పడితే కష్టం; పిల్ల మీ వీసా మీద ఉన్నది, మీరు కంపెనీ వీసా మీద ఉన్నరు. ఆలోచన చేసుకోండ్రి.”

ఫోన్ ఆగిపోయాక మూర్తి దాన్ని మంచం మీద బోర్లా పెట్టాడు.

“విన్నారుగా,” అన్నాడు.

“విన్నాను,” అంది అరుంధతి. “పోయేది ఆయన ఉద్యోగం, ఉండేది మీ పరువు. అదేనా?”

“ఇంట్లో అందరూ నా సంతకం మీద బతుకుతున్నారు అరుంధతీ. అది నాకు గుర్తుంది. అంతే.”

ఆమె లేచి తలుపు తీసింది.

హనుమప్ప అదే అంచున, అదే వంపుతో ఉన్నాడు. అరుంధతి ఎదురుగా కుర్చీ వేసుకొని, ఆ మాటకు ఇక్కడ వచ్చే అర్థం ఉన్నదున్నట్లు చెప్పింది. ముందు అతనికి నవ్వొచ్చింది.

“కుక్కనా? మా కఫీల్‌నా?” తర్వాత ఆ నవ్వు ఎక్కడికి పోవాలో తెలియక పెదవుల మీదే నిలిచిపోయింది. “అక్కా, నేను వచ్చినప్పట్నుంచి ఆ మాట అంటానే ఉండానే. ఆయప్ప చెల్లెలు వచ్చినప్పుడు గూడా అంటి. ఇంటికొచ్చిన చుట్టాలందరి ముందర అంటి. నా పనే ఆయప్పను పొగిడేది. ఒక్కరన్నా చెప్పల్యా.”

“ఇంట్లో మనిషి నోటినుంచి వస్తే తప్పు పలికాడని ఊరుకొని ఉంటారు,” అంది అరుంధతి. “పాటలో వస్తే అలా అనుకోరు.”

హనుమప్ప చాలాసేపు తన అరచేతులు చూసుకొన్నాడు. ఆ తర్వాత ఉన్నట్టుండి అతని భుజాలు తేలికపడ్డాయి.

“అయితే భయమేల్యా సార్. ఆ పొద్దు నేను శానా మాట్లాడితి గదా. మా యమ్మ సంగతి, ఊరికి పంపించింది, అంతా చెప్తి గదా. పాప పట్టుకునె గదా. అది వినిపిస్తే మా కఫీల్‌కే కండ్లనీళ్ళు వస్తాయి.”

అమ్ము తల్లి వైపు చూసింది. తల్లి మూర్తి వైపు చూసింది.

“ముందు అన్నం తిను,” అన్నాడు మూర్తి.

హనుమప్ప ఆ మాటను భరోసాగా అందుకొన్నాడు. పళ్ళెం దగ్గరకు లాక్కొని, చల్లారిన ముద్దను పప్పులో అద్ది తినసాగాడు. ఆకలి అప్పుడే తెలిసినవాడిలా తిన్నాడు.  ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం చెప్పవలసిన ముగ్గురూ అతని పళ్ళెం వైపే చూస్తూ నిలబడ్డారు.

చేయి కడుక్కొని వచ్చి, “పాప ఎందుకులే సార్ అంత దూరం,” అన్నాడు. “ఆ ఫోన్ ఇస్తే చాలు. నేనే వినిపించి, రేపు పొద్దున తెచ్చిస్తా.”

“ఫోన్ వద్దు మామా. నేనే వస్తాను,” అంది అమ్ము. “చేసింది నేనని చెప్తాను.”

“నువ్వు గడప దాటవు,” అన్నాడు మూర్తి.

“దాటుతాను నాన్నా. షౌటౌట్ ఇచ్చినవాళ్ళు హాల్లోనే ఉండాలి. పేరు పిలిచేసి పారిపోతే అది చాడీ.”

అరుంధతి భర్తను వంటింటి గుమ్మం దాకా తీసుకువెళ్ళింది. కోపం ముదిరినప్పుడు ఆమె నోట్లోంచి కాలేజీ తెలుగు జారిపోయి, పుట్టింటి తెలుగు బయటపడుతుంది.

“రికార్డు ల్యాదని మీరే చెప్పండి ఆయప్పకు. చెప్పల్యాకపోతే లేచి మాతోపాటు రండి. రెండూ చెయ్యకుండా మాత్రం ఈ పొద్దు ఇంట్లో కూర్చోబోకండి.”

ఆయన ఆమెను చూశాడు. హాల్లో చేతులు తుడుచుకొంటున్న మనిషిని చూశాడు. చెప్పడం కంటే వెళ్ళడమే సులువని ఆయనకు తోచినట్లుంది. చెప్పుల స్టాండు దగ్గరకు నడిచి, బూట్లు తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

యజమాని కారు పెద్దది. మూర్తి ముందు సీట్లో కూర్చొన్నాడు. సాయంకాలపు రద్దీలో మెసైమీర్ వైపు కారు మెల్లగా కదులుతుండగా, వెనక నుంచి అరుంధతి హనుమప్పకు ఆ మాట నేర్పించసాగింది.

“గల్బ్ అను. గ. గడపలో గ.”

“గల్బ్.”

“మళ్ళీ.”

“గల్బ్. గల్బ్. ఇంత సులువా అక్కా? ఇన్నాళ్ళు నాకెవరన్నా చెప్పి ఉంటే…” అతను స్టీరింగ్ మీద వేళ్ళతో దరువు వేస్తూ వల్లించుకొన్నాడు. “కఫీల్ గల్బ్ కబీర్. కఫీల్ గల్బ్ కబీర్.”

“అమ్మా, ఆపించు,” అంది అమ్ము.

“ఎందుకు?”

“ఈరోజు ఆయన కరెక్టుగా పలికితే ఏమనుకుంటారు? రెండు మాటలకూ తేడా ఈయనకు తెలుసు, పాటలో తెలిసే అన్నాడు అనుకోరూ?”

స్టీరింగ్ మీద వేళ్ళు ఆగిపోయాయి.

“అయితే పాతమాదిరే అనాల్నా పాపా?”

“పాతలాగా అంటే ఆయన ఎదుటే అన్నట్టవుతుంది,” అన్నాడు మూర్తి. కారెక్కాక ఆయన మాట్లాడింది అదొక్కటే.

“తప్పుగా అంటే తిట్టు, సరిగ్గా అంటే అబద్ధం,” అన్నాడు హనుమప్ప మెల్లగా. “అట్లయితే నేను ఏమనాల్సార్?”

 మసీదు నుంచి మగ్రిబ్ పిలుపు వినపడుతుండగా కారు ఆ ఇంటి ప్రహరీ పక్కన ఆగింది. నమాజ్ ముగిసేదాకా నలుగురూ కారులోనే కూర్చున్నారు.

మజ్లిస్ ఇంటికి ఎడంగా, గేటుకు దగ్గరగా, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టే పొడవాటి గది. గోడల వెంట పరుపులు, మధ్యలో తక్కువ ఎత్తు బల్ల, అగరు వాసన. హనుమప్ప బాబా అని పిలిచే వృద్ధ యజమాని చేతికర్ర ఒడిలో పెట్టుకొని కూర్చున్నాడు. పక్కనే పెద్ద కొడుకు, చేతిలో ఫోన్. ఇద్దరు ఆడవాళ్ళను చూసి వృద్ధుడు సర్దుకొని, తలుపు దగ్గరి పరుపు చూపించాడు. కాఫీ పోయించాడు. అది వాళ్ళింటి మర్యాద. మూర్తి మాత్రం ఆ చిన్న గిన్నెను నోటికి ఆనించకుండా పట్టుకొనే ఉన్నాడు.

కొడుకు ఇంగ్లీషులో సూటిగా మొదలుపెట్టాడు. “ఎవరు చేశారు ఇది?”

“నేను,” అంది అమ్ము.

చేసింది ఒక ఆడపిల్ల అని అతను ఊహించలేదు. ఒక క్షణం తండ్రి వైపు చూశాడు. “నేను చిన్నప్పటినుంచి ర్యాప్ వింటున్నాను. పేరు చెప్పి, పేట చెప్పి, ఆ తర్వాత కుక్క అంటే దాన్ని ఏమంటారో నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు.”

“కుక్క అనలేదు. గుండె అన్నాడు. ఆయన నోటికి ఆ అక్షరం రాదు. ఆ ముక్కను కోసింది నేను. ముందూ వెనకా ఉన్న మాటలు పోవడం నా తప్పు.”

కొడుకు ఏదో అనబోతే వృద్ధుడు చెయ్యెత్తి ఆపాడు. హనుమప్ప వైపు తిరిగి, డ్రైవర్లతో ఇన్నేళ్ళుగా మాట్లాడిన ముక్కల హిందీలో అడిగాడు. “ఆ రోజు ఏమన్నావో అదే అను.”

అరుంధతి పరుపు మీద ముందుకు జరిగింది.

హనుమప్ప నిలబడి ఉన్నాడు. పెదవులు ఒకసారి గ కోసం విడివడ్డాయి; మూసుకొన్నాయి. అతను కళ్ళు మూసుకొన్నాడు. కుడిచేయి నెమ్మదిగా లేచి, అరచేయి విప్పి, ఛాతీ మీద ఆనింది.

“మా కఫీల్‌ది కల్బ్ కబీర్,” అన్నాడు, పాత నోటితోనే. ఆ చేయి ఛాతీ మీదే రెండుసార్లు తట్టింది.

 వృద్ధుడు అతని నోటి వైపు చూడటం లేదు. చేతినే చూస్తున్నాడు. చాలాసేపు చూసి, కొడుకుతో అరబ్బీలో నిదానంగా ఏదో చెప్పాడు. అందులో అరుంధతి పట్టుకోగలిగింది ఒక్కమాట: గల్బ్.

కొడుకు తల అడ్డంగా ఊపాడు. అతని గొంతులో ఇప్పుడు కోపం తగ్గి, పట్టుదల మిగిలింది.

“మా నాన్న నమ్మాడు. నాకూ నమ్మాలనే ఉంది. కానీ చెయ్యి ఈరోజు పెట్టాడు. పాటలో చెయ్యి కనపడదు. ఈ పాట విన్న నా స్నేహితులకు నేను ఏం చెప్పాలి? ముందూ వెనకా మాటలున్నాయంటున్నారు కదా. అవి వినిపించండి. గుండె అని తేలితే నేనే అందరికీ పంపిస్తాను. ఇంక ఈ మాట ఎత్తను.”

తండ్రి అదే సంగతి హనుమప్పకు హిందీలో చెప్పాడు. నిన్న సాయంత్రం నుంచి మొదటిసారిగా హనుమప్ప ముఖం విప్పారింది.

“ఉంది బాబా. మొత్తం ఉంది,” అన్నాడు. అమ్ము వైపు తిరిగి, తెలుగులో, “పెట్టు పాపా. ఈసారి కొయ్యబోకు. మా యమ్మ సంగతి కూడా పెట్టు,” అన్నాడు.

కొడుకు బల్ల మీదున్న స్పీకర్‌ను ఆమె వైపు జరిపాడు.

అమ్ము చేయి సంచి దాకా వెళ్ళి ఆగింది. ఆమె తండ్రి వైపు చూసింది. సత్యనారాయణమూర్తి చల్లారిపోయిన గిన్నెలోకి చూస్తున్నాడు.

హనుమప్ప ఆ పిల్ల చూపు వెంటే తానూ చూపు తిప్పాడు. ఛాతీ మీది చేయి ఇంకా తీయలేదు.

“ఏమి సార్?” అన్నాడు, ఇంకా నవ్వుతూనే.